దసరా నాడు కడిగిన రోదసి నౌక

1987 జూన్‌లో నన్ను ఖమ్మంలోని ఒక సంచార విజ్ఞాన ప్రదర్శన విభాగానికి మోడల్ టెక్నీషియన్‌గా పంపారు. మెకానికల్ డిప్లొమా చేసి, పంపుసెట్లు తయారుచేసే చోట కొంతకాలం డ్రాయింగులు గీసిన తర్వాత దొరికిన ఉద్యోగం అది. మాది ఎర్రుపాలెం. సొంత జిల్లాలోనే పడ్డానన్న తృప్తి ఉండేది. పోస్టు మాత్రం తాత్కాలికం.

విభాగమంటే ఒక రేకుల షెడ్డు, ఒక బస్సు. బస్సులో సీట్లు తీసేసి, రెండు పక్కలా అద్దాల అరలు బిగించి, వాటిలో సైన్సు మోడళ్ళు పెట్టి బడి నుంచి బడికి తిప్పడం మా పని. పిల్లలు ముందు తలుపున ఎక్కి, చూసుకుంటూ పోయి వెనక తలుపున దిగుతారు. మోడల్ సెక్షన్‌లో ఇద్దరమే ఉండేవాళ్ళం. ఆర్టిస్టు స్టెల్లా గారిది తల్లాడ. వాళ్ళ నాన్నగారు మిషన్ బడిలో డ్రాయింగ్ మాస్టారు. నాకంటే ఆరేడేళ్ళు పెద్దావిడ, నన్ను మొదటి రోజు నుంచే తమ్మీ అని పిలిచింది. నేను అక్కా అనేవాణ్ణి. పనిలో వాటాలు స్పష్టంగా ఉండేవి: రంగు విషయంలో చివరి మాట ఆమెది, కొలత విషయంలో నాది. ఆమె పోస్టు కూడా తాత్కాలికమే.

మూడో మనిషి బస్సు డ్రైవర్ రాములన్న. ఏన్కూరు ఆయనది. మా విభాగంలో ఒక నియమం ఉండేది. వస్తువు షెడ్డులో ఉన్నంతవరకు అది సెక్షన్ పూచీ. బస్సులోకి ఎక్కిన క్షణం నుంచి డ్రైవర్ పూచీ. రాములన్న ఆ నియమాన్ని అక్షరాలా పాటించేవాడు. ఈ సంగతి ముందే చెప్పడం ఎందుకంటే, జరిగిన కథంతా దాని మీదే నడిచింది.

ఆ ఏడాది మాకు ఇచ్చిన అంశం రాబోయే కాలపు గనులు. బొగ్గు ప్రాంతం కాబట్టి ఆ అంశం ఎన్నుకున్నారు. అందులో ప్రధాన మోడల్ ఒక రోదసి నౌక. గ్రహశకలాల మీద ఖనిజం తవ్వి మోసుకొచ్చే సరుకు ఓడ అన్నమాట. అలాంటిది ప్రపంచంలో ఎక్కడా లేదు కాబట్టి డ్రాయింగు కూడా మేమే గీసుకున్నాం. స్కేలు నూటికి ఒకటి. అంటే ఓడ మీద మీటరు, మా బల్ల మీద సెంటీమీటరు. నూట ఇరవై మీటర్ల ఓడ నాలుగు అడుగులకు కాస్త తక్కువలో కుదిరింది.

ఇలాంటి మోడల్‌లో ఆకారం కట్టడం తేలిక. ప్లైవుడ్ చట్రం, దాని మీద యాక్రిలిక్ షీటు. ఇంధనం ట్యాంకులకు ప్లాస్టిక్ పైపు ముక్కలు, ఇంజను గొట్టాలకు కిరాణా కొట్టు గరాటాలు, ఏరియళ్ళకు విరిగిన గొడుగు ఊచలు. దవాఖానా నుంచి తెచ్చిన వాడేసిన సిరంజీలను బాగా ఉడకబెట్టి పిస్టన్లుగా అమర్చాం. రేడియో రిపేరు కొట్టు చెత్తడబ్బా మాకు గని లాంటిది. రంగు వేసేదాకా ఇదంతా చెత్త కుప్పలాగే కనబడుతుంది. నమ్మకం కలగాలంటే రంగు పని, అందులోనూ చిన్న చిన్న వివరాల పని సరిగ్గా కుదరాలి.

మొదటిసారి మేం ఓడకు తెల్ల రంగు వేశాం. అంచులకు వెండి రంగు, మధ్యలో రెండు ఎర్ర పట్టీలు. ముఖం చూసుకునేంత నిగనిగలాడింది. హెడ్డాఫీసు నుంచి టెక్నికల్ ఆఫీసర్ చక్రపాణి గారు తనిఖీకి వచ్చారు. మోడళ్ళను అంగీకరించే అధికారం ఆయనదే. చుట్టూ ఒకసారి తిరిగి, బొమ్మ బాగుంది అన్నారు. మా పనిలో అంతకంటే పెద్ద విమర్శ లేదు. మోడల్‌ను చూసినవాడికి అసలు వస్తువు గుర్తుకు రావాలి తప్ప బొమ్మల దుకాణం కాదు. వెళ్ళేముందు ఆయన నెమ్మదిగా ఇంకో మాట కూడా చెప్పారు. దసరా సెలవుల తర్వాత మళ్ళీ వస్తాననీ, అప్పటికీ ఇది ఇలాగే ఉంటే మోడళ్ళు హెడ్డాఫీసు నుంచే పంపిస్తామనీ, అప్పుడు ఇక్కడ ఒక సెక్షన్ అవసరం ఉండదనీ.

ఆయన జీపు కదిలాక స్టెల్లా గారు బ్రష్షులు కడుగుతూ, "తమ్మీ, బొమ్మ అన్నడంటే మనల్ని పొమ్మన్నట్టే" అంది. నవ్వుతూనే అంది కానీ, నీళ్ళు తేటపడ్డాక కూడా చాలాసేపు కడుగుతూనే ఉంది.

ఆగస్టులో మా షెడ్డు మారింది. కొత్తగూడెం దాటాక భద్రాచలం పోయే రోడ్డు పక్కన, అడవి అంచున, ఒక పాత గోదాము కిరాయికి తీసుకున్నారు. అటు గూడేల బడులకు బస్సు తిప్పడం దగ్గరవుతుందని. గోదాము ముందు నుంచి రోజంతా బొగ్గు టిప్పర్లు పోయేవి. మాకు కావలసిన పాఠశాల అదే అయింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇద్దరం గట్టు మీద కూర్చునేవాళ్ళం. ఆమె గీసేది, నేను రాసేవాణ్ణి. దుమ్ము అన్నిచోట్లా ఒకేలా పట్టదు. రేకుల అతుకుల్లో, బోల్టు తలల చుట్టూ, వెనక్కి వాలిన రేకుల మీద ఎక్కువ. సరుకు పడే చోట రంగు పెచ్చులూడి లోహం కనబడుతుంది. పొగగొట్టం చుట్టూ మసి ఒక వైపుకే లాగినట్టు ఉంటుంది. ఒకే రంగు వేసిన డోరు, బానెట్టు రెండేళ్ళకు రెండు రకాలుగా వెలుస్తాయి.

వీటన్నిటినీ ఓడకు ఎక్కించే ముందు నాకొక అభ్యంతరం వచ్చింది. గాలి లేని చోట తుప్పు పట్టదు, పొగ మసై పేరుకోదు. స్టెల్లా గారు చిరాకుపడకుండా, "అయితే ఏం పడ్తదో అది చెప్పు, అదే వేద్దాం" అంది. కూర్చుని తేల్చుకున్నాం. తుప్పు ఉండదు. ఖనిజం దుమ్ము మాత్రం ఉంటుంది. బరువు లేని చోట అది కిందికి దిగదు గానీ, దువ్వెనకు కాగితం ముక్కలు అంటుకున్నట్టు స్థిర విద్యుత్తుతో అంటుకుంటుంది. ఇంజను గొట్టాల అంచుల్లో వేడికి లోహం నీలంగా, గడ్డి రంగుగా మారుతుంది. సరుకు తలుపు దగ్గర రాళ్ళు గీసుకుపోయిన గుర్తులు ఉంటాయి. ఏ మరక ఎందుకు పడిందో చెప్పలేకపోతే ఆ మరక వేయకూడదని నియమం పెట్టుకున్నాం.

తర్వాత పని ఇలా సాగింది. నిగనిగలాడే తెలుపును సన్నటి ఉప్పుకాగితంతో చంపి, మళ్ళీ ప్రైమరు కొట్టి, పాలిపోయిన బూడిద రంగు పూత వేశాం. కాంపాస్ సూదితో రేకుల అతుకులు గీశాం. గీత వెడల్పు వెంట్రుక కంటే ఎక్కువైతే అసలు ఓడ మీద అది చేతివెడల్పు సందు అవుతుంది. ఒక్కో రేకుకు బూడిదలో కొంచెం నీలమో, కొంచెం గోధుమరంగో కలిపి తేడా చూపించాం. ఆ పైన వాష్. బాగా పలచన చేసిన ముదురు రంగును గీతల్లోకి వదిలితే అది తనంతట తానే పాకి లోతుల్లో నిలుస్తుంది. ముదురు రంగంటే నలుపు కాదు. మా స్కేలులో మోడల్‌ను మీటరు దూరం నుంచి చూడడమంటే ఓడను నూరు మీటర్ల నుంచి చూసినట్టు. అంత దూరానికి ఏ నలుపూ నలుపుగా కనబడదు. స్టెల్లా గారు నల్లరంగు డబ్బాను అటక మీద పెట్టేసింది. చివరికి, బ్రష్షును దాదాపు పొడిగా తుడిచి అంచుల మీద తేలికగా లాగడం. దాంతో అంచులు అరిగినట్టు తేలతాయి.

అన్నిటికంటే మీద దుమ్ము. బొగ్గు పొడి, సుద్ద పొడి, రోడ్డు పక్కన ఎర్రమట్టి, అన్నీ పాత పంచె గుడ్డలో జల్లించి, కలిపి, మెత్తటి కుంచెతో అద్దాం. ఈ పొడి ఊరికే అంటుకుని ఉంటుందంతే. దాన్ని నిలబెట్టాలంటే పైన మెరుపు రాని పలచటి మ్యాట్ వార్నిష్ కొట్టాలి. తేమ గాలిలో వార్నిష్ కొడితే పాలమీగడలా తెల్లబడి పనంతా పోతుంది. ఆ సెప్టెంబరులో వాన తెరిపి ఇవ్వలేదు. గోదాము కప్పు కారడంతో ఓడను ఎక్కించి బస్సులో పెట్టాం. పొడి మీద వార్నిష్ ఇంకా పడలేదు.

స్టెల్లా గారు పండుగ సెలవులకు తల్లాడ వెళ్ళే ముందు ఓడ ముందు నిలబడి చాలాసేపు చూసింది.

"ఎట్లుందక్కా?" అన్నాను.

"అంతా మంచిగనే ఉంది. ఒక్క మరక తప్పు లేదు. గని తమ్మీ, గిది ఎవరో వదిలేసిపోయిన ఓడ లెక్క కొడ్తుంది. లోపల మనిషి ఉన్నట్టు లేదు."

నాకూ అలాగే అనిపించింది. కిటికీల్లో చిన్న దీపాలు పెట్టి చూశాం. నిచ్చెన మీద బొటనవేలి గోరంత మనిషిని అతికించి చూశాం. మార్పు లేదు. కారణం దొరకకుండానే ఆమె బస్సెక్కింది.

దసరా రోజు పొద్దున తెల్లటి ఎండ వచ్చింది. గాలి పొడిగా ఉంది. వార్నిష్ కొట్టడానికి ఇదే అదను. నెమ్మదిగా ఆరే థిన్నరు మా దగ్గర అయిపోయింది. కొత్తగూడెంలో రంగుల కొట్టు పూజ అయ్యేదాకా తెరిచి ఉంటుందని తెలిసి మొదటి బస్సుకు బయలుదేరాను. నేను రోడ్డు మీదికి వచ్చేసరికి రాములన్న లుంగీ ఎగ్గట్టి మా బస్సు టైర్లు కడుగుతున్నాడు. చెయ్యి ఊపాడు. నేనూ ఊపాను.

మధ్యాహ్నం డబ్బాతో తిరిగొచ్చేసరికి బస్సు పెళ్ళికొడుకులా ఉంది. అద్దానికి బంతిపూల దండ, ముందర రెండు అరటి పిలకలు, టైర్ల కింద నలిగిన నిమ్మకాయలు, గుమ్మడికాయ కొట్టిన గుర్తు. మంచి పని అనుకుంటూ లోపలికి ఎక్కాను.

ఓడ మెరుస్తోంది. నెల పాటు అద్దిన దుమ్ములో పైకి కనబడేది ఏదీ మిగల్లేదు. ముక్కు మీద మూడు వేళ్ళతో గీసిన పసుపు, దాని మీద కుంకుమ. ఓడ ముందు, వెనక తలుపులు రెండింటికీ రెండు బొట్లు. ఇంజను గొట్టాల్లో తలొక బంతిపువ్వు. ల్యాండింగ్ కాళ్ళ ముందు వరుసగా నాలుగు నిమ్మకాయలు. మా స్కేలులో ఒక్కో నిమ్మకాయ ఒక గదంత ఉంటుంది. బొట్టు వెడల్పు మీటరున్నర.

"రాములన్నా, ఏం చేశావ్?"

ఆయన కొబ్బరి చిప్ప పట్టుకుని ఎక్కి వచ్చాడు. "ఏం జేస్త సారూ, పండుగపూట జెయ్యాల్సిందే జేసిన. బస్సు కడిగిన. జాకీ కడిగిన. పానాలు తోమిన. మీ ఓడ జూస్తే గింత మందం దుమ్ము. గిట్ల మురికి పట్టిన మిషన్‌కు బొట్టెట్ల వెడ్తం? అమ్మవారు ఊకుంటదా?"

"ఆ దుమ్ము మేం పెట్టింది అన్నా. నెలంతా కూర్చుని పెట్టాం."

"దుమ్ము వెట్టిండ్రా?" ఆయన నిజంగానే నివ్వెరపోయాడు. "సర్కారు జీతమిచ్చి మీతోని దుమ్ము వెట్టిస్తున్నదా? నేనింకా గోదాము కారి మట్టి పడ్డదేమో అనుకుంటి. సగం సీస కిరసనాయిలు పట్టింది సారూ. మీ ఎర్రుపాలెం దిక్కు బండ్లను కడగరా?"

నేను థిన్నరు డబ్బాను కింద పెట్టేశాను. ఆయన ముఖంలో రంగు మారింది. బస్సులోకి ఎక్కిన వస్తువు తన పూచీ కాబట్టే కడిగాడు. దాన్ని తప్పనడానికి ఏ నియమమూ లేదు. చివరికి ఆయనే, "ముందు కొబ్బరి ముక్క దీస్కోండ్రి. తర్వాత తిట్టుండ్రి" అన్నాడు. తీసుకున్నాను.

ఏదైనా పాడైతే ముందు నష్టం పట్టీ రాసుకోవడం నా అలవాటు. కాగితం తీసుకుని ఓడ ముక్కు నుంచి మొదలుపెట్టాను. పై రేకుల మీద దుమ్ము: పోయింది. పక్క ట్యాంకులు: పోయింది. ట్యాంకుల వెనక సందులు: ఉంది. రేకుల అతుకులు: ఉంది, మునుపటికంటే చిక్కగా. నిచ్చెన మెట్ల మధ్య: ఉంది. ఏరియళ్ళ మొదళ్ళు: ఉంది. కిరసనాయిలులో తడిసిన పొడి అడుసై లోతుల్లోకి దిగి ఆరిపోయింది. మేం పలచటి రంగుతో చేసే వాష్ ఎలా నిలుస్తుందో అచ్చం అలాగే. కింద రంగు పూత ఎప్పుడో గట్టిపడింది కాబట్టి చెక్కుచెదరలేదు.

సగం పట్టీ రాశాక కలం ఆపి, మీటరు దూరం వెనక్కి జరిగి చూశాను. ఓడలో మనుషులు ఉన్నారు.

ఎందుకలా అనిపిస్తోందో తెలుసుకోవడానికి బయటికి వెళ్ళి బస్సునే చూశాను. కడిగిన బస్సే అయినా చెయ్యి దూరని చోట్ల పాత మురికి ఉంది. డోరు పిడి చుట్టూ వేళ్ళు పట్టీ పట్టీ రంగు పోయి ఇత్తడిలా మెరుస్తోంది. అద్దం తుడిచిన చోట అర్ధచంద్రం. గట్టు మీద నుంచి మేం చూసిన టిప్పర్లూ అంతే. వాటి మీద దుమ్ము ఎక్కడ పడిందో రాసుకున్నాం గానీ, ఎక్కడ తుడిచారో రాసుకోలేదు. పనిచేసే ఏ యంత్రం మీదైనా రెండు రకాల గుర్తులు ఉంటాయి. ఒకటి వాడకం వేసేది, రెండోది సంరక్షణ వేసేది. మేం మొదటిది మాత్రమే వేశాం. అందుకే అది వదిలేసిన ఓడలా కనబడింది.

అయితే రాములన్న తుడిచింది తుడిచినట్టు వదిలేస్తే కుదరదు. ఆయన గుడ్డ ఒక్క లాగు లాగితే అది మా స్కేలులో ఆరేడు మీటర్ల వెడల్పు. అంత పెద్ద చెయ్యి ఉన్న మనిషి ఆ ఓడలో ఉండడు. సూత్రం ఉంచుకుని కొలత మార్చాలి. ఆ సాయంత్రం వెలుగు ఉన్నంతసేపు కూర్చుని లెక్క వేశాను. రోదసిలో ఓడ వెలుపల పనిచేసేవాళ్ళు రెయిలింగు పట్టుకుని కదులుతారు. ఒక చేత్తో పట్టుకుంటే రెండో చెయ్యి అందే దూరం సుమారు డెబ్బై సెంటీమీటర్లు. మోడల్ మీద ఏడు మిల్లీమీటర్లు. కాబట్టి రెయిలింగుకు రెండు పక్కలా ఏడు మిల్లీమీటర్ల మేర శుభ్రంగా ఉండాలి, ఆ పైన క్రమంగా దుమ్ము చిక్కబడాలి. తలుపుల చుట్టూ ఇంకా శుభ్రంగా ఉండాలి. తలుపు అంచు రబ్బరులో దుమ్ము చేరితే గాలి కారుతుంది, లోపలివాళ్ళు బతకరు. ఎంత బద్ధకస్తుడైనా అక్కడ తుడవక తప్పదు.

మర్నాడు పొద్దున స్టెల్లా గారు అప్పాల డబ్బాతో దిగింది. రాములన్న ఆమెకు ఎదురెళ్ళి తానే చెప్పేశాడు. "స్టెల్లమ్మా, నీ ఓడకు తానం జేయించిన. జర కోపం దెచ్చుకోకు." ఆమె బస్సెక్కి ఓడను చూసి, నా పట్టీ చూసి, మళ్ళీ ఓడను చూసి, కొంగు బిగించింది. "తమ్మీ, జల్దీ పొడి కలుపు" అంది. అంతే.

తనిఖీకి ఒక్క పగలు మిగిలింది. ఇద్దరం ఓడకు చెరో వైపు కూర్చున్నాం. ఆమెకు ఏడు మిల్లీమీటర్ల అట్టముక్క కత్తిరించి ఇచ్చాను. మొదట రెండు రేకుల మీద దాన్ని పెట్టి చూసుకుంది, తర్వాత అవసరం పడలేదు. తుడిచిన గుర్తులు వేయడానికి అగ్గిపుల్ల చివర చుట్టిన తడి దూది వాడాం. పిడుల మీద, మెట్ల అంచుల మీద పెన్సిల్ సీసం రాస్తే చేతులు తగిలి అరిగిన మెరుపు వచ్చింది. అందరాని చోట రాములన్న కిరసనాయిలు వేసిన అడుసును ముట్టుకోలేదు. దానికంటే బాగా మేం వేయలేం.

చిక్కల్లా బొట్ల దగ్గర వచ్చింది. స్టెల్లా గారు దూదితో ముక్కు మీది పసుపు దగ్గరికి వెళ్ళగానే రాములన్న అడ్డం వచ్చాడు.

"వెట్టిన బొట్టు తుడుస్తరా? ఎవరన్న జేస్తరా గట్ల? దానంతటదే పోవాలె గని."

"అన్నా, ఇది ఓడలో సగం ఉంది. రేపు సారు చూస్తే మళ్ళీ బొమ్మంటారు" అన్నాను.

"అంటే అననియ్యి. బొట్టు తుడిచిన బండి నేను నడప. ఈ బస్సుల ఉన్నంతసేపు అది నా బండే."

నియమం ఆయన పక్షానే ఉంది. స్టెల్లా గారే తోవ చూపింది. "రాములన్నా, ఆ ఓడల నువ్వు డ్రైవర్‌వి అనుకో. నీ యెత్తు ఇంతుంటది" అని నిచ్చెన మీది గోరంత మనిషిని చూపించింది. "ఆ రాములు పెడితే బొట్టు ఎంతుంటది?"

ఆయన వంగి, కళ్ళు చికిలించి చూశాడు. "ఉంటది ఒక ఆవగింజల సగం."

"అంత గూడ ఉండదు. నేను వెడ్త. నువ్వు వెట్టిందాన్ని నేను తుడవను, నువ్వే దీసి చిన్నగ జేస్తున్నవనుకో."

ఆయన చాలాసేపు ఆలోచించి, "చిన్నదైతేంది, ఉంటే సాలు" అన్నాడు. పసుపు కుంకుమలు తానే తడిగుడ్డతో తీసి, ఆ గుడ్డను ఎవరూ తొక్కని చోట, బంతి మొక్క మొదట్లో పిండాడు.

రోదసి ఓడ మీద బొట్టా అని నేను గొణిగాను. స్టెల్లా గారు మా దగ్గరున్న వాటిలో అతి సన్నదైన మూడు సున్నాల బ్రష్షు తీసి, అందులోంచి ఒకే ఒక్క వెంట్రుక వదిలి మిగిలినవి దారంతో వెనక్కి కట్టింది. "మరక ఎందుకు పడ్డదో చెప్పగలిగితే వెయ్యచ్చు అన్నది నువ్వే గదా? ఖమ్మం జిల్లా ఓళ్ళు నడిపే ఓడ తమ్మీ ఇది. బొట్టు లేదంటే ఎవడు నమ్ముతడు?" అని ఊపిరి బిగబట్టి ముందు తలుపు పక్కన పసుపు చుక్క, దాని మీద ఎర్ర చుక్క పెట్టింది. మిల్లీమీటరులో మూడో వంతు. ప్రతి ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి, ఆ చుక్క నిండుగా వచ్చిందో లేదో అని భూతద్దంతో రెండుసార్లు సరిచూసుకుంది. ఎండ ఉండగానే వార్నిష్ కొట్టాం. తెల్లబడలేదు.

మర్నాడు చక్రపాణి గారు వచ్చారు. బస్సులోకి ఎక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, ఈసారి దగ్గరికి రాకుండా దూరం నుంచే చూశారు. తర్వాత దగ్గరికి వచ్చి జేబులోంచి భూతద్దం తీశారు. మొదటిసారి వచ్చినప్పుడు ఆయన దాన్ని తీయలేదు. రెయిలింగుల పక్కన ఎందుకు పాలిపోయి ఉందని అడిగారు. చెయ్యి అందే దూరం, డెబ్బై సెంటీమీటర్లు, తలుపు రబ్బరు సంగతి చెప్పాను. వింటూనే ఆయన భూతద్దాన్ని పక్కకు జరిపారు. అది ఓడ ముందు తలుపు దగ్గర ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది.

"ఇదేమిటి?"

స్టెల్లా గారు నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోగా బస్సు ముందు మెట్టు మీద నుంచి రాములన్న గొంతు వినబడింది.

"దసరా బొట్టు సార్. ఓడ గూడ బండే గద."

చక్రపాణి గారు నవ్వలేదు. "వెడల్పు ఎంత?" అన్నారు నాతో.

"స్కేలు ప్రకారం మూడు సెంటీమీటర్లు పైన ఉంటుందండి."

"సరిపోతుంది" అని ఓడ వెనక తలుపు వైపు నడిచారు. అక్కడ మళ్ళీ వంగారు. నిటారుగా లేచి, భూతద్దం మడిచి, ఒకే ఒక లోపం చెప్పారు. ముందు తలుపుకు బొట్టు పెట్టిన సిబ్బంది వెనక తలుపుకు పెట్టడం మరిచిపోయారంటే నమ్మడం కష్టం.

రాములన్న ఇక ఆగలేకపోయాడు. "నేను రెండిటికీ వెట్టిన సార్! వీళ్ళే ఒకటి వెట్టి ఊకున్నరు."

చక్రపాణి గారు అప్పుడు నవ్వారు. సవరణ ఆయన ఎదురుగానే జరిగింది. స్టెల్లా గారు బ్రష్షు అందుకుంది, నేను దీపం పట్టుకున్నాను. అంగీకార పత్రం మీద ఆయన బానెట్టు మీదే పెట్టి సంతకం చేశారు. సెక్షన్ నిలిచింది. మా ఇద్దరి పోస్టులూ తర్వాత కొంతకాలానికి ఖాయమయ్యాయి. ఆ ఓడ భద్రాచలం రోడ్డు వెంట, గూడేల బడులన్నీ తిరిగింది. రోడ్డు దుమ్ము అద్దాల అరలోకి కూడా దూరి మా దుమ్ము మీద నిజం దుమ్ము పేరుకునేది. ప్రతి దసరాకూ రాములన్న వచ్చి, తుడవమంటారా వద్దా అని అడిగేవాడు. నేను మెత్తటి పొడి గుడ్డ, అగ్గిపుల్లలు, దూది ఇచ్చేవాణ్ణి. కొలత ఆయనకు నోటికి వచ్చేసింది.

తర్వాత నేను రిటైరయ్యేదాకా ఆనకట్టలు, రైలింజన్లు, ఉపగ్రహాలు, పంచదార మిల్లులు ఎన్నో చేశాను. చేతికింద పనిచేసినవాళ్ళకు రంగులు కలపడం కంటే ముందు ఒక పద్ధతి నేర్పాను. ఏ యంత్రానికైనా రంగు వేసేముందు అది ఎక్కడ పాడవుతుందో రాసుకోండి. దాని పక్కనే, దాన్ని కడిగే మనిషి ఎవరో, అతని చెయ్యి ఎంతవరకు అందుతుందో రాసుకోండి. రెండో పట్టీ ఖాళీగా ఉంటే అది ఎంత బాగా చేసినా బొమ్మే అవుతుంది.